ఐదింటికే డ్యూటీ దిగిపోయే సూర్యుడు

ప్రభుత్వోద్యోగులు వేళకు రావడం లేదని ఆఫీసుల్లో బయోమెట్రిక్ మిషన్లు బిగించారు. టీచర్లు బెల్లు కొట్టకముందే బడి దిగిపోతున్నారని ఫోన్లో ముఖం చూపించి హాజరు వేసుకోమన్నారు. అండమాన్‌లో మాత్రం ఒకాయన డిసెంబరులో సాయంత్రం ఐదయ్యేసరికి దిగిపోతున్నాడు. నెల మొదట్లో అయితే ఐదు కూడా కానివ్వడం లేదు. మెమో లేదు, సంజాయిషీ లేదు, ఇంక్రిమెంటు కోత అంతకన్నా లేదు. ఈ వ్యాసంలో ఎవరినీ నొప్పించే ఉద్దేశం నాకు లేదు, సూర్యనారాయణమూర్తిని తప్ప.

జరుగుతున్న నష్టానికి సాక్ష్యంగా మా కుటుంబం అక్కడ దిగిన మొదటి రోజును సమర్పించుకుంటున్నాను.

అర్ధరాత్రి లేచి శంషాబాద్ చేరి, విమానమెక్కి, పొద్దున తొమ్మిదికల్లా అండమాన్ రాజధాని పోర్ట్‌బ్లెయిర్‌లో దిగాం. అక్కడి కొత్త టెర్మినల్‌ను 2023లో ప్రారంభించారు. గవ్వ ఆకారంలో, చూడముచ్చటగా ఉంటుంది. మేం చూడలేదు. అందరి కళ్లూ బెల్టు మీదే. చక్రాల సూట్‌కేసుల మధ్య, ప్లాస్టిక్ తాడుతో అడ్డంగా నిలువుగా బిగించిన అట్టపెట్టె ఒకటి వచ్చింది. దాని మీద స్కెచ్‌పెన్‌తో ‘ఇటు పైకి’ అని వేసిన బాణం నేల చూస్తోంది. ఒక మూల అరచేయంత నూనె మరక. పెద్దనాన్న వంగి వాసన చూసి, “మాగాయ కాదర్రా, గోంగూర” అని ప్రకటించాడు. అందరం ఊపిరి పీల్చుకున్నాం.

హోటల్లో గది పన్నెండుకు గానీ ఇవ్వరు. సముద్రం రోడ్డుకు అవతలే ఉంది. ఈలోపు వెళ్లి చూసి రావచ్చు కదా అని రిసెప్షన్‌లో కుర్రాడు సలహా ఇచ్చాడు. అనుభవం లేనివాడు. గది తాళం చేతికి రాకుండా సముద్రం చూసేవాళ్లు ఎక్కడైనా ఉంటారా? లాబీలో కూలబడి వైఫై పాస్‌వర్డ్ అడగడం పద్ధతి. 2020 ఆగస్టు దాకా అండమాన్‌కు ఇంటర్నెట్ ఉపగ్రహాల మీద ఆధారపడి బొట్లు బొట్లుగా వచ్చేది. దిక్కులేక పాపం జనం సముద్రం చూస్తూ కూర్చునేవాళ్లు. తర్వాత చెన్నై నుంచి నీళ్ల అడుగున రెండు వేల కిలోమీటర్లకు పైగా కేబుల్ పరిచారు, ఆ అవస్థ తప్పింది.

స్నానాలయ్యాక భోజనం. పొద్దున పట్టిన చేపను పళ్లెంలో పెట్టి తెచ్చి చూపిస్తే, పప్పుందా అని అడిగాం. ఉంది కానీ, తాలింపు మనది కాదు. అట్టపెట్టె విప్పక తప్పలేదు. తిన్నాక నడుం వాల్చాలి. దీన్ని కొందరు అలవాటంటారు, నేను హక్కంటాను. మూడున్నరకు టీ వచ్చింది. వదిన కర్టెన్ పక్కకు లాగి బయటికి చూసి, “ఇంకా ఎండ చురుక్కుమంటోంది. తగ్గాక బయల్దేరదాం” అంది.

తెలుగువాడి విహారయాత్రలన్నీ ఈ సూత్రం మీదే నడుస్తున్నాయి. ఆర్కే బీచ్‌కు ఎండ తగ్గాకే వెళ్తాం. సూర్యలంకకు ఎండ తగ్గాకే వెళ్తాం. పక్కింటికి వెళ్లాలన్నా ఎండ తగ్గాలి. డిసెంబరులో హైదరాబాద్‌లో కూడా ఐదూ ముప్పావు దాకా ఉండి పోయే మనిషి, అక్కడ ఐదుకే పోతే ఎండ తగ్గడానికీ చీకటి పడటానికీ మధ్య బట్టలు మార్చుకునే వ్యవధి ఉంటుందా?

న్యాయంగా అవతలివాళ్ల వాదన కూడా చెప్పాలి. దేశమంతటికీ ఒకటే గడియారం. దానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. అది ఉత్తరాన మీర్జాపూర్ దగ్గరగా, మన వైపు కాకినాడ పక్కగా పోతుంది. పోర్ట్‌బ్లెయిర్ దానికి ఇంకో పది డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున అక్కడి సూర్యుడు 40 నిమిషాలు ముందు. అంటే గోడ మీద గడియారం కాకినాడది, ఆకాశంలో సూర్యుడు అండమాన్‌వాడు. “నేను పొద్దున ఐదున్నరకే ఎక్కాను, అప్పుడు తమరెక్కడున్నారు?” అని ఆయన అడగొచ్చు. లెక్క ప్రకారం నిజమే. కానీ డబ్బు కట్టి సెలవు మీద వచ్చినవాణ్ణి ఐదున్నరకు లేవమనడం ఏ పర్యాటక విధానంలో ఉంది?

సరే, నాలుగుంబావుకు టాక్సీ బేరం మొదలైంది. పెద్దనాన్న తనకు వచ్చిన హిందీలో “కార్బిన్స్ కోవ్ కిత్నా?” అన్నాడు. జవాబు విన్నాక మా అందరినీ పక్కకు పిలిచి తెలుగులో సమావేశం పెట్టాడు. “మొహం చూస్తేనే తెలుస్తోంది, వీడు మనల్ని దోచేస్తాడు. మూడొందలకు మించి ఎవరూ నోరు జారొద్దు.” డ్రైవరు స్టీరింగ్ మీద మోచెయ్యి ఆనించి మొత్తం ఓపిగ్గా విన్నాడు. “మొగం సంగతి ఒగ్గీయండి బావూ. మూడొందలకి ఎవులొస్తారు? డీజిలు కూడా ఓడెక్కి రావాల గదా!” అన్నాడు. సిక్కోలు యాస. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి పదమూడు మంది తెలుగు మాట్లాడేవాళ్లే. ప్యాకేజీ కాగితంలో ఈ ముక్క ఎక్కడా వేయలేదు. చేసేదిలేక అడిగినంతా ఒప్పుకుని, ఏ ఊరు, ఎవరి తాలూకు అని వాకబు చేసేసరికి ఇంకో పావుగంట పోయింది.

బీచ్‌లో దిగగానే సూర్యాస్తమయం కోసం అందరం ఫోన్లు ఎత్తి సముద్రం వైపు నిలబడ్డాం. ప్యాంట్లు మోకాళ్ల దాకా మడిచి, ఒక చేత్తో బూట్లు పట్టుకుని, అల వచ్చినప్పుడల్లా కేకేస్తూ ఎదురుచూశాం. ఎర్రటి బింబం ఎంతకీ కనపడదు. కొబ్బరిబోండాల ఆయన జాలిపడి చెప్పాడు: కార్బిన్స్ కోవ్ తూర్పు ముఖం. సూర్యుడు మా వెనక నుంచి, చెట్ల చాటుగా ఎప్పుడో పోయాడు. వేళకు ముందే పోవడం ఒక తప్పు, దొడ్డిదారిన పోవడం రెండో తప్పు. “తూర్పు ముఖమంటే వాస్తు బ్రహ్మాండం” అని పెద్దనాన్న సర్దుకున్నాడు గానీ, నేను సర్దుకోలేదు. మిగిలిన మసక వెలుతురులో, ఉప్పునీటి మొసళ్లున్నాయి జాగ్రత్త అన్న బోర్డు పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాం. మొహాలు రాలేదు, మొసలి బొమ్మ బాగా వచ్చింది.

అక్కణ్ణుంచి సెల్యులార్ జైలు. గదులు చూసే వేళ దాటిపోయింది కాబట్టి ఆవరణలో కుర్చీలేసే లైట్ అండ్ సౌండ్ షోకే టిక్కెట్లు కొన్నాం. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తిచేసిన జైలు అది. ఏడు విభాగాలుగా కట్టారు, ఇప్పుడు మూడే ఉన్నాయి. ఒక విభాగం ముందువైపు ఇంకో విభాగం వీపు కనపడేలా కట్టారు, ఖైదీలు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా. గదికి ఉన్న ఒక్క గవాక్షమూ మూడు మీటర్ల ఎత్తున ఉంటుంది. ‘సీ వ్యూ’ గది ఇవ్వలేదని మధ్యాహ్నం రిసెప్షన్‌లో గొంతు పెంచిన మా బాబాయి ఈ వివరం విని కాసేపు మాట్లాడలేదు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడ్డ విప్లవకారుడు ప్రతివాది భయంకరాచారి వచ్చింది ఇక్కడికే. ఆ రోజుల్లో అండమాన్ రావాలంటే రాజద్రోహం చేయాల్సి వచ్చేది, ఇప్పుడు ఈఎంఐ చాలు. చీకటి పడితే తప్ప నడవని కార్యక్రమం ఊరు మొత్తంలో ఇదొక్కటే కనపడింది. నా ఫిర్యాదులోంచి దీన్ని మినహాయిస్తున్నాను.

ఇక పరిష్కారం. అస్సాం తేయాకు తోటల్లో గడియారాన్ని గంట ముందుకు తిప్పుకుని బతుకుతున్నారు. దానిని బగాన్ టైమ్ అంటారు. ఆ పద్ధతి మనకు కుదరదు, పొద్దున కూడా గంట ముందే లేవాల్సి వస్తుంది. ప్రభుత్వానికి అలవాటైన దారి ఇంకోటుంది. 2018లో హేవ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్ అన్నారు, నీల్‌ను షహీద్ ద్వీప్ అన్నారు, రాస్‌కు నేతాజీ పేరు పెట్టారు. 2021లో మౌంట్ హారియట్ మౌంట్ మణిపుర్ అయింది. 2024లో పోర్ట్‌బ్లెయిర్ కూడా శ్రీ విజయపురం అయిపోయింది. ఒక్క ఇసుక రేణువు కదల్చకుండా ఇంత పని జరిగిన చోట, సాయంత్రం ఐదు గంటలకు ‘ఆరున్నర’ అని పేరు పెట్టడం ఎంతసేపు? గెజిట్‌లో ఒక పేరా. పాత పేరు పిలిచేవాళ్లు ఎలాగూ పిలుస్తూనే ఉంటారు. మా డ్రైవరు ఆ ఊరిని పోర్ట్‌బ్లెయిర్ అనే అన్నాడు.

ఇది తేలేలోపు ఇంకో చిక్కొచ్చింది. మర్నాడు పొద్దున్నే హేవ్‌లాక్ ఓడ, ఆరుంబావుకు రేవులో ఉండాలట. ఓడ ఊగుతుంది కాబట్టి వాంతుల మాత్ర గంట ముందే వేసుకోవాలని డ్రైవరు హెచ్చరించాడు. మాత్ర పరగడుపున వేసుకోకూడదని వదిన అంటుంది. అంటే నాలుగున్నరకల్లా ఇడ్లీ ప్లేటులో ఉండాలి. హోటల్ వంటగది తెరిచేది ఏడింటికి. రాత్రి పది దాటాక కూడా దీని మీద చర్చ సాగింది. చివరికి తాళంచెవి వంటాయన దగ్గరుంటుందా, మేనేజర్ దగ్గరుంటుందా కనుక్కు రమ్మని బాబాయిని కిందికి పంపాం.