ఒకేసారి అన్నీ వద్దు

పెద్దవాళ్ల మనసు కుదుటపడాలంటే పాటలు, సువాసన, చేతి మర్దన మూడూ ఒకేసారి మొదలుపెట్టమని ఒక వ్యాసంలో చదివాను. 90 దాటినవాళ్లకు అది ఎక్కువైపోతుందండీ. వినికిడి యంత్రం పెట్టుకున్నవాళ్లకైతే గదిలో చిన్నాచితకా చప్పుళ్లు కూడా పెద్దగా వినిపిస్తాయి. ముందు టీవీ కట్టేసి, ఏదో ఒక్క పని ఎంచుకోండి.

నా ఓటు చేతులకే. గోరువెచ్చటి నీళ్లలో తడిపి పిండిన మెత్తటి తువ్వాలు చేతికి చుట్టి కాసేపు ఉంచాలి. తర్వాత వాసన లేని లోషన్ కొంచెం రాసి, మణికట్టు నుంచి వేళ్ల చివరిదాకా మెల్లగా నిమరాలి. గట్టిగా రుద్దొద్దు, ఆ వయసులో చర్మం కాగితంలా పలచబడి ఇట్టే కమిలిపోతుంది. వేడి కూడా వాళ్లకు సరిగా తెలియకపోవచ్చు, ముందు ఆ నీళ్లు మీ ముంజేతిమీద పోసి చూసుకోండి. భుజాలు సడలితే, ఊపిరి నిదానిస్తే నచ్చినట్టే. చెయ్యి వెనక్కి లాక్కుంటే అక్కడితో ఆపేయాలి, బలవంతపెట్టొద్దు.

మతిమరుపు జబ్బు ఉన్న చాలామందికి సాయంత్రం పూట కంగారు పెరుగుతుంది. అది మొదలవకముందే పక్కన కూర్చుని, ఉతికిన తువ్వాళ్లు మడతపెట్టమని ఇవ్వండి. ఆ వ్యాసంలో వాళ్ల చేతికి ఇవ్వమని చెప్పిన పూసలు, గుండీల డబ్బా మాత్రం, చేతికందింది నోట్లో పెట్టుకునేవాళ్లకు అస్సలు ఇవ్వొద్దు.