విప్పని ప్యాకెట్‌ను ఏ ఆధారంతో నమ్మాలి?

2022 జనవరిలో షికాగోలో ఒక పెట్టెను తెరిచారు. యూట్యూబ్‌లో పేరుమోసిన లోగన్ పాల్ అంతకు కొన్ని వారాల ముందే దానిని 35 లక్షల డాలర్లకు కొన్నాడు. అందులో పోకెమాన్ తొలి ముద్రణ కార్డుల డబ్బాలు ఆరు, ఎవరూ విప్పనివి, ఉన్నాయన్న నమ్మకమే ఆ ధరకు ఆధారం. తీరా చూస్తే లోపల ఉన్నవి జి.ఐ. జో అనే బొమ్మ సైనికుల కార్డులు. ఆ పెట్టె అసలైనదేనని అంతకుముందు ధ్రువీకరించింది అల్లాటప్పా సంస్థ కూడా కాదు. పాత బేస్‌బాల్ కార్డుల ప్యాకెట్ల విషయంలో అమెరికా మార్కెట్ ఎక్కువగా ఎవరి మాట మీద నడుస్తుందో ఆ బేస్‌బాల్ కార్డ్ ఎక్స్ఛేంజ్. ఆ సంస్థను తప్పుపట్టడం సులువే గాని, విప్పితే విలువ పోయే వస్తువును విప్పకుండానే అసలుదని తేల్చమంటే ఎంతటి అనుభవజ్ఞుడికైనా ఒక హద్దు ఉంటుంది. బేస్‌బాల్ కార్డుల పాత ప్యాకెట్లు కొనేవారు ప్రతిసారీ ఆ హద్దు దగ్గరే బేరమాడుతున్నారు.

తొంభైల్లో మన వైపు కూడా బబుల్ గమ్‌తో పాటు క్రికెటర్ల బొమ్మలు వచ్చేవి. గమ్ నమిలేసి బొమ్మ దాచుకున్నవాళ్లకు ఈ సరుకు ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. అమెరికాలో అది అంతకు నాలుగు దశాబ్దాల ముందే పెద్ద వ్యాపారమైంది. బ్రూక్లిన్‌లో పుట్టిన టాప్స్ కంపెనీ 1952లో 407 బేస్‌బాల్ కార్డుల సెట్టు తెచ్చింది. 1980 నాటికి పావు డాలరు ఇస్తే 15 కార్డులు, ఒక గమ్ పలక, మైనం పూసిన కాగితంలో చుట్టి ఇచ్చేవారు. ఆ ఏటి సెట్టులో 482వ నంబరుది రికీ హెండర్సన్ అనే ఆటగాడి రూకీ కార్డు, అంటే అతని తొలి కార్డు. మచ్చలేని స్థితిలో ఉన్న ఒక హెండర్సన్ కార్డు 2021లో లక్ష డాలర్లు దాటి అమ్ముడుపోయింది. అప్పటి పావు డాలరు ప్యాకెట్ ఇప్పుడు వందల రెట్లు పలుకుతున్నదంటే, అది లోపలి కాగితానికి, ఎండిపోయిన గమ్‌కు కట్టిన ధర కాదు, హెండర్సన్ ఉండవచ్చునన్న ఆశకు కట్టిన ధర.

మోసానికి దారి ఆ ఆశలోనే ఉంది. ఆ మైనపు కాగితాన్ని ఫ్యాక్టరీలో యంత్రం వేడితో నొక్కి అతికించింది. వేడితో అతికినది వేడి తగిలితే ఊడుతుంది, మళ్లీ వేడి తగిలితే అతుక్కుంటుంది. ఇస్త్రీ పెట్టె చాలు. వెనుక మడత మెల్లగా విప్పి, విలువైన కార్డు తీసేసి, ఆ స్థానంలో ఎవరికీ అక్కర్లేని ఆటగాడి కార్డు పెట్టి, మళ్లీ నొక్కేస్తే ఫోటోలో తేడా కనిపించదు. చేతిలోకి తీసుకుంటే మాత్రం కొన్ని ఆనవాళ్లు దొరుకుతాయి. యంత్రం ఒక్క క్షణంలో వేసిన అతుకు సమంగా, పలచగా ఉంటుంది. ఇంట్లో కాల్చినచోట మైనం అటూ ఇటూ పాకి మరకగా, కొన్నిచోట్ల మెరుపుగా, కొన్నిచోట్ల మందంగా పేరుకుంటుంది. నలభై ఏళ్లుగా కదలని మడత దగ్గర రంగు చిట్లి తెల్లటి గీత పడుతుంది. ఆ గీత ఒకచోట, ఇప్పటి మడత దానికి వెంట్రుకవాసి పక్కన ఉంటే, ఆ కాగితం రెండుసార్లు మడత పడిందని అర్థం.

లోపలి సాక్ష్యం ఇంకా గట్టిది. అతుకుకు ఆనుకున్న కార్డు వెనుక మైనం మరక, గమ్‌కు ఆనుకున్న కార్డు మీద గోధుమరంగు మచ్చ ఏళ్ల తరబడి ఏర్పడతాయి, వాటిని ఒక్క రాత్రిలో పుట్టించడం కష్టం.  కాకపోతే వాటిని చూడాలంటే విప్పాలి. మేడిపండు సంగతి పొట్ట విప్పితేనే తేలుతుందంటారు. ఇక్కడ విప్పాక నిజం తెలిసినా, కొన్న వస్తువు మిగలదు.

విప్పకుండా తేల్చడానికి ఉన్న సాధనాల్లో నాకు అన్నిటికన్నా నమ్మదగినదిగా కనిపించేది అతుకు పరీక్ష కాదు, లెక్క. టాప్స్ తన కార్డులను 132 కార్డులు పట్టే షీట్ల మీద అచ్చువేసేది. 1973 నుంచి 1977 వరకు సెట్టులో 660 కార్డులు, అంటే సరిగ్గా అయిదు షీట్లు. 1978లో సెట్టును 726కు పెంచినప్పుడు అది అయిదున్నర షీట్లయింది, ఆరో షీటు నింపడానికి 66 కార్డులను రెండేసి సార్లు అచ్చువేయవలసి వచ్చింది. కోసిన షీట్లు దొంతరలుగా యంత్రంలోకి వెళ్లేవి కాబట్టి ఏ కార్డు తర్వాత ఏ కార్డు వస్తుందన్నది చాలాచోట్ల ఒక క్రమంలో పునరావృతమవుతుంది. వందల ప్యాకెట్లు విప్పి, ఆ క్రమాన్ని రాసిపెట్టుకున్న సేకర్తలు ఉన్నారు. పారదర్శకమైన సెలోఫేన్ చుట్టిన ప్యాకెట్లో ముందొక కార్డు, వెనుకొక కార్డు బయటికి కనబడతాయి. ఆ రెండూ ఫ్యాక్టరీ క్రమంలో ఒకే ప్యాకెట్లో పడడానికి వీల్లేనివైతే, అతుకు ఎంత అందంగా ఉన్నా ఆ ప్యాకెట్ అబద్ధం. 1973 వరకు టాప్స్ ఒక్కో ఏటి కార్డులను విడతలవారీగా విడుదల చేసేది, 1974 నుంచే సెట్టంతా ఒకేసారి తెచ్చింది. అందువల్ల 1960ల నాటి ప్యాకెట్లో వసంతంలో వచ్చిన నంబరు, వేసవి చివర వచ్చిన నంబరు పక్కపక్కన కనిపిస్తే అనుమానించాల్సిందే. ఇస్త్రీ పెట్టె ఉన్న ప్రతివాడికీ ఈ లెక్క తెలియదు, అందుకే మోసగాళ్లు ఎక్కువగా జారిపడేది ఇక్కడే.

అయితే ఈ లెక్క రెండంచుల కత్తి. క్రమం తెలిసినవాడు 36 ప్యాకెట్ల పెట్టె కొని, కొన్ని విప్పి చూసి, మిగిలినవాటిలో హెండర్సన్ ఎక్కడ పడే అవకాశముందో అంచనా కట్టి, వాటిని తన దగ్గరే ఉంచుకుని, తక్కినవాటిని విడివిడిగా అమ్మవచ్చు. అలా అమ్మిన ప్రతి ప్యాకెట్ నూటికి నూరుపాళ్లు అసలైనదే, దానిని ఎవరూ విప్పలేదు. కాని అందులో కొన్నవాడు ధర కట్టిన ఆశ లేదు. ధ్రువీకరణ చీటీ ఈ తేడాను చెప్పదు, చెప్పలేదు కూడా. విడి ప్యాకెట్‌కూ, ఒక ఇంట్లోనే మొదటినుంచీ ఉండి ఒక్క ప్యాకెట్ కూడా తగ్గని పూర్తి పెట్టెకూ మధ్య ధరలో మార్కెట్ చూపే తేడా చాలదని నేను అనుకునేది ఇందుకే.

పెద్ద ఆటగాడి ముఖం పైనే కనిపించే సెలోఫేన్ ప్యాకెట్లకు మార్కెట్ ఎక్కువ ధర కడుతుంది. నా దృష్టిలో మొదట అనుమానించవలసినవి అవే, ఎందుకంటే ముప్పై సెంట్ల కార్డు మీద ఎవరూ శ్రమపడరు.

ఇక పుట్టుపూర్వోత్తరాలు. 1952 సెట్టులో 311వ నంబరు, మిక్కీ మాంటిల్ అనే ఆటగాడి కార్డు, 2022 ఆగస్టులో 1.26 కోట్ల డాలర్లు పలికింది. అది విడి కార్డే, ప్యాకెట్ కాదు. కాని ఆ ధరలో దాని చరిత్రకూ వాటా ఉంది. 1980ల మధ్యలో మసాచుసెట్స్‌లో బయటపడిన పాత కార్డుల నిధి నుంచి, అలన్ రోజెన్ అనే ప్రసిద్ధ వ్యాపారి చేతులమీదుగా అది వచ్చిందని నలుగురికీ తెలుసు. 2024 ఫిబ్రవరిలో వేలానికి వచ్చిన కెనడా హాకీ కార్డుల పెట్టె, 1979-80 నాటి ఓ-పీ-చీ కంపెనీ సరుకు, 37 లక్షల డాలర్లు దాటింది. అక్కడి రెజైనా నగరంలో ఒక ఇంట్లో దశాబ్దాలుగా పడి ఉన్నదన్న కథనం దానికి బలం. కథ నిజమైనచోట అంతకు మించిన రుజువు లేదు. కాని ‘మా తాతగారి అటక మీద దొరికింది’ అనే మాటకు ఖర్చేమీ లేదు గనుక, రశీదు, పాత ఫోటో, మొదట కొన్న దుకాణం వంటి ఏదో ఒక ఆధారం లేని అటకను అటకగా లెక్కించకూడదు.

ధ్రువీకరణ సంస్థల గురించి నా అభ్యంతరం వాటి నిజాయితీ మీద కాదు, వాటి చీటీ మాట్లాడే తీరు మీద. ప్లాస్టిక్ పెట్టెలో బిగించి, పదికి ఎనిమిది, పదికి తొమ్మిది అని అంకె వేసేసరికి కొనేవాడి మనసులో అది లోపలి సరుకుకు ఇచ్చిన హామీగా మారుతోంది. నిజానికి ఆ అంకె చెప్పేది కాగితం ఎంత నలిగింది, అతుకు ఎలా కనిపించింది అన్నంతవరకే. కిందటి తరంలో ప్యాకెట్లకు ఇలాగే అంకెలు వేసి తర్వాత మూతపడిన ఒక సంస్థ చీటీలు ఇప్పటికీ చలామణిలో ఉన్నాయి. అనుభవం ఉన్న కొనుగోలుదారులు వాటిని చీటీ లేని ప్యాకెట్లలాగే చూస్తారు. అంకెకు బదులు, పరీక్షించినవారు ఏ ఆనవాళ్లు చూశారు, బయటికి కనిపించే కార్డులు క్రమానికి సరిపోయాయా, ప్యాకెట్ విడిగా వచ్చిందా, పెట్టెతో వచ్చిందా అన్న నాలుగు మాటలు రాస్తే ఆ చీటీకి అర్థం ఉంటుంది.

1989లో అప్పర్ డెక్ కంపెనీ మైనపు కాగితాన్ని వదిలి రేకు ప్యాకెట్‌కు మారడం ఈ జబ్బుకు మందు అని చాలామంది అనుకున్నారు. రేకును ఒకసారి చింపాక మళ్లీ అతికించడం తేలిక కాదన్నది నిజమే. కాని అది వచ్చేనాటికే విలువైన సరుకంతా మైనపు కాగితంలో ఉండిపోయింది.

ఇప్పుడు సమస్య రూపం మారుతోంది. పరిశ్రమల్లో లోహపు భాగాల లోపాలు వెతకడానికి వాడే సీటీ స్కానింగ్‌ను కార్డుల ప్యాకెట్లకు వాడే సేవ 2024లో అమెరికాలో బాహాటంగానే మొదలైంది. దీనితో కొనేవాడికి మేలు జరగవచ్చు. మాంటిల్ ఉన్నదని చెప్పిన ప్యాకెట్లో మాంటిల్ ఉందో లేదో మైనం కరగకుండానే తెలుస్తుంది. కాని ముందుగా స్కాన్ చేయించేది అమ్మేవాడు. మంచివి ఉంచుకుని తక్కినవి అమ్మేస్తే అతుకు చెదరదు, మడత కదలదు, మరక పడదు, షీటు లెక్క కూడా తప్పదు. అలాంటి ప్యాకెట్‌ను ఏ చీటీ మీదైనా ‘విప్పనిది’ అనే రాస్తారు, ఆ మాటలో అబద్ధం కూడా ఉండదు.