చోదకుడు లేని కారుకు పూచీ ఎవరిది?

కోతల కాలంలో కోనసీమ రోడ్ల మీద సగం మేర ధాన్యం ఆరబోసి ఉంటుంది. ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేపల చెరువు ఉన్న చోట కొబ్బరికాయల లారీ ఎదురైతే ఎవరు వెనక్కి తగ్గాలో డ్రైవర్లు చూపులతోనే తేల్చుకుంటారు. డ్రైవరు లేని కార్లు ఇటువైపు రావులే అన్న ధీమాకు ఈ రోడ్లే ఆధారం. కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ మాట దానికి తోడైంది. డ్రైవర్ల ఉపాధి పోతుంది కాబట్టి ఇలాంటి కార్లను దేశంలోకి రానివ్వబోమని ఆయన 2017లో అన్నారు, 2023లోనూ అదే చెప్పారు. రొయ్యల వ్యాన్లు, ఐసు లారీలు నడుపుకొని బతికే కుటుంబాలున్న డెల్టాలో ఆ మాటకు మద్దతు దొరకడం సహజమే.

అయితే మంత్రి ఇచ్చిన హామీకి చట్టబలం లేదు. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో చేరిన 2బి సెక్షను ప్రకారం, పరిశోధన, నూతన ఆవిష్కరణల కోసం కొన్ని రకాల వాహనాలను ఆ చట్టం నుంచే మినహాయించే అధికారం కేంద్రానికి ఉంది. పైగా రోడ్డు మీద తన వరుస (లేన్) తప్పకుండా స్టీరింగును సరిచేసే, అవసరమైతే తానే బ్రేకు వేసే కార్లు మన షోరూముల్లో ఇప్పటికే అమ్ముడవుతున్నాయి. గీతలే లేని గట్టు రోడ్డు మీద ఆ సదుపాయాలను ఎంతవరకు నమ్మవచ్చో కొనేవారికి రాతపూర్వకంగా చెప్పి తీరాలన్న నిబంధనకు ఇదే అదను.

అమెరికాలో ప్యూ పరిశోధన సంస్థ 2021లో సర్వే జరిపితే, మామూలు కార్లకన్నా డ్రైవరు లేని కార్లకు కఠినమైన పరీక్షలు ఉండాలని 87 శాతం మంది కోరారు. దీన్ని కొత్త యంత్రమంటే భయమని కొట్టిపారేసేవారు టెంపీ కేసును చూడాలి. 2018 మార్చిలో అరిజోనాలోని ఆ ఊళ్లో ఉబర్ ప్రయోగాత్మక కారు ఢీకొని, సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళ చనిపోయింది. కంపెనీపై క్రిమినల్ కేసు పెట్టలేదు. సీట్లో కూర్చున్న ఉద్యోగి మాత్రం 2023లో నేరం ఒప్పుకొని, జైలుకు బదులు అధికారుల పర్యవేక్షణలో ఉండే ప్రొబేషన్ శిక్ష పొందాల్సి వచ్చింది. జనం తేల్చమంటున్నది ఈ పూచీనే. కారు తనంతట తాను నడుస్తున్నంతసేపు డ్రైవింగ్ తప్పులకు అనుమతి పొందిన కంపెనీయే జవాబు చెప్పాలని బ్రిటన్ 2024లో చట్టం చేసింది.

మన దగ్గర ఆ షరతు లేకుండా 2బి మినహాయింపు ఎవరికీ ఇవ్వకూడదు. ఏ రోడ్ల మీద ప్రయోగం జరుగుతుందో ఆ పంచాయతీల్లో ముందుగా ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. ప్రమాద దృశ్యాలను పూర్తిగా చూపలేదన్నది కూడా ఒక కారణంగా 2023 అక్టోబరులో డ్రైవరు లేని ట్యాక్సీలు నడిపే క్రూజ్ కంపెనీ అనుమతులను కాలిఫోర్నియా నిలిపివేసింది కనుక, కారులో నమోదైన వీడియో కంపెనీ చేతుల్లో ఉండిపోకుండా వెంటనే పోలీసులకూ, బాధిత కుటుంబానికీ అందేలా నిబంధన రాయాలి.