పాలమూరు ప్లాటుకు అమెరికా రేటు

మొన్న మా బావమరిదితో కలిసి మహబూబ్‌నగర్ శివార్లలో ఒక వెంచర్ చూడటానికి వెళ్లాను. వాడు గవర్నమెంటు టీచర్. ఇల్లు కట్టుకోవడానికి 200 గజాలు వెతుకుతున్నాడు. ఒకప్పటి జొన్నచేనులో ఇప్పుడు తెల్లరంగు హద్దురాళ్లు, మట్టి రోడ్లు. ఏజెంటు ఒక వరుస చూపించి, "ఈ లైన్ మొత్తం అమెరికా వాళ్లదే సార్. మీరు ఆలోచించేలోపు రేటు మారుతది" అన్నాడు. ఆ వరుసలో ఒక్క పునాది లేదు. సర్కారు తుమ్మ మాత్రం ఏపుగా పెరిగింది.

అమెరికా వాళ్లంటే అమెరికన్లు కాదు, మన పిల్లలే. విదేశీ మారక చట్టం ఫెమా నిబంధనల ప్రకారం ఎన్నారైలు, విదేశీ పౌరసత్వం తీసుకున్నా మనవాళ్లుగా ఓసీఐ కార్డున్నవాళ్లు ఇళ్లు, ఇళ్ల స్థలాలు కొనొచ్చు. వ్యవసాయ భూమి కొనకూడదు. కావాలనుకుంటే అది అమ్మానాన్నల పేరు మీదికి వస్తుంది, అది వేరే కథ. తప్పంతా వాళ్లదేనని నేననను. హైదరాబాద్ వైపు ఎకరం అమ్మి ఇటు దిగినవాళ్లూ ఉన్నారు. హైదరాబాద్ చుట్టూ వస్తుందన్న రీజినల్ రింగ్ రోడ్డు, సర్కారు కడతానంటున్న ఫ్యూచర్ సిటీ పేర్లు చెప్పి షాద్‌నగర్ నుంచి జడ్చర్ల దాకా, చౌటుప్పల్ నుంచి నార్కట్‌పల్లి దాకా బ్రోషర్లు పంచినవాళ్లూ ఉన్నారు. కానీ ఉండటానికి కొనేవాడు జీతం చూసుకుని బేరమాడతాడు. దాచుకోవడానికి కొనేవాడికి ఆ అవసరం లేదు. రేటు నిలబడేది రెండోవాడి మాట మీదే.

అసలు చిక్కు అప్పు దగ్గర మొదలవుతుంది. గజం అసలు ధర 15 వేలు, కాగితం మీద రాసే ప్రభుత్వ విలువ 5 వేలు అనుకుందాం. 200 గజాలకు 30 లక్షలు పోయాలి, డాక్యుమెంటులో కనిపించేది 10 లక్షలే. ఆస్తి లావాదేవీలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోకూడదని ఆదాయపన్ను చట్టం చెబుతున్నా, మిగతా 20 లక్షలు నగదుగానే అడుగుతారు. బ్యాంకు ఆ పది లక్షలనే చూస్తుంది. ఇంటి విలువలో 90 శాతం దాకా లోనివ్వొచ్చని రిజర్వ్ బ్యాంకు చిన్న రుణాలకు వీలిచ్చినా, ఆ విలువ ఎవరి లెక్క ప్రకారమన్నదే ప్రశ్న. తక్కువ పడ్డది గోల్డ్ లోన్, ముందే పాడిన చిట్టీ, నూటికి రెండు రూపాయల చేబదులు పూడుస్తాయి. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. గోల్డ్ లోన్, బ్యాంకులు అప్పుల చరిత్ర చూసే సిబిల్‌లో కనబడుతుంది. ప్రాంసరీ నోటు రాసి తెచ్చిన చేబదులు కనబడదు. బ్యాంకు పుస్తకాల్లో మాత్రం ప్లాటు కొన్నవాడు మంచి కస్టమరే.

దీనికితోడు బ్యాంకు లోన్ వడ్డీ రేటు కూడా పెరిగితే? 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య రెపో రేటు, అంటే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకిచ్చే అప్పు మీది వడ్డీ, 4 నుంచి 6.5 శాతానికి వెళ్లింది. 2022 మొదట్లో 6.75 శాతానికి, 20 ఏళ్లకు 25 లక్షల లోన్ తీసుకున్నవాడి ఈఎంఐ దాదాపు 19 వేలు. రేటు 9.25కు చేరాక నెల వడ్డీయే 19 వేల దగ్గరికి వచ్చింది. అసలు ఇంక తీరేదెప్పుడు? బ్యాంకులు ఈఎంఐ పెంచకుండా గడువు పొడిగిస్తూ పోతే, చాలామందికి ఆ సంగతి స్టేట్‌మెంట్ తీస్తేగానీ తెలియలేదు. ఈఎంఐ పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా అన్నది అప్పు తీసుకున్నవాడినే అడగాలని రిజర్వ్ బ్యాంకు 2023 ఆగస్టులో చెప్పాల్సి వచ్చింది. చేబదులిచ్చిన ఆసామికి అలాంటి రూలేమీ లేదు. నెల తిరిగేసరికి గుమ్మం ముందుంటాడు.

నన్నడిగితే ప్రభుత్వ విలువను అసలు ధరకు దగ్గరగా తెచ్చి, అదేరోజు ఏడున్నర శాతం రిజిస్ట్రేషన్ ఖర్చును బాగా తగ్గించాలి. ఒక్క విలువే పెంచితే నగదు మళ్లీ ఇంకో దారి వెతుక్కుంటుంది. అప్పుడు లోన్ పెద్దదవుతుంది, నిజమే. కానీ 24 శాతానికి తెచ్చే సొమ్ము బ్యాంకు వడ్డీకి దొరుకుతుంది, ఎంత అప్పుందో బ్యాంకుకూ తెలుస్తుంది.

మా బావమరిది ఇంకా అడ్వాన్స్ ఇవ్వలేదు. ఏజెంటు రోజూ ఫోన్ చేస్తున్నాడు. నిన్నటికి గజానికి ఇంకో ఐదొందలు పెరిగిందట.