పాలిచ్చే తల్లి కీళ్లవాతం మందులన్నీ మానేయాలా?

రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్న బాలింతల కోసమంటూ ఒక సందేశం తెగ తిరుగుతోంది: “పాలు మాన్పించేదాకా మందులన్నీ ఆపేయండి. ఏ మందైనా పాలలోకి దిగి బిడ్డకు విషమవుతుంది. తప్పనిసరై వేసుకుంటే ఒకసారి పాలు పిండి పారబోయండి, చాలు. కాన్పయ్యాక జబ్బు దానంతటదే సర్దుకుంటుంది. బిడ్డను ఎత్తుకుంటూ ఉంటే కీళ్లు వదులవుతాయి.”

ఇందులో మొదటి మాటే ప్రాణం మీదికి తెస్తుంది.

“మందులన్నీ ఆపేయండి”

ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ మూడు నాలుగు వారాలకు మించి వాడితే అడ్రినల్ గ్రంథులు ఒంటికి తప్పనిసరైన కార్టిసాల్ హార్మోన్‌ను సొంతంగా తయారుచేయడం తగ్గించేస్తాయి. మాత్ర ఉన్నట్టుండి ఆపితే వాంతులు, కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం, ఒక్కోసారి స్పృహ తప్పడం దాకా వస్తుంది. పసిబిడ్డ తల్లి నీరసంగా ఉందంటే “నిద్ర చాలక” అని అందరూ తేల్చేస్తారు, అందుకే దీన్ని ఆలస్యంగా గుర్తిస్తారు. స్టెరాయిడ్ ఆపాలంటే డాక్టరు చెప్పినట్టు మెట్టుమెట్టుగా తగ్గించుకుంటూ రావాలి.

“ఏ మందైనా విషమే”

చాలా మందులు పాలలోకి ఎంతోకొంత వెళ్తాయి, నిజమే. ఎంత వెళ్తుంది, బిడ్డకు ఏం చేస్తుంది అన్నదే అసలు ప్రశ్న. హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడుతూ పాలివ్వొచ్చు. నొప్పికి వేసుకునే ఐబుప్రొఫెన్ పాలలోకి వెళ్లేది బహు స్వల్పం. ప్రెడ్నిసొలోన్ రోజుకు 20 మిల్లీగ్రాముల లోపైతే ఇబ్బంది లేదు. అంతకు మించితే మాత్ర వేసుకున్నాక నాలుగు గంటలు ఆగి పాలివ్వమంటారు. సల్ఫాసలజీన్ కూడా సాధారణంగా సరే, కానీ బిడ్డ నెలలు నిండకముందే పుట్టినా, కామెర్లు ఉన్నా, జీ6పీడీ లోపం (కొన్ని మందులకు ఎర్ర రక్తకణాలు చితికిపోయే పుట్టుకతో వచ్చే లోపం) ఉన్నా ముందు అడగాలి. బిడ్డ విరేచనంలో రక్తం కనిపిస్తే వెంటనే చెప్పాలి.

అడాలిముమాబ్, ఎటనర్‌సెప్ట్ లాంటి ఇంజెక్షన్లు పెద్ద ప్రొటీన్లు. పాలలోకి వచ్చే కాస్తా బిడ్డ కడుపులో జీర్ణమైపోతుంది. ఇక్కడ పట్టించుకోవాల్సింది పాలను కాదు, గర్భాన్ని. చివరి నెలల్లో అడాలిముమాబ్ లాంటిది తీసుకుని ఉంటే అది మావి గుండా బిడ్డకు చేరి కొన్ని నెలలు ఉంటుంది. ఆ సంగతి పిల్లల డాక్టరుకు ముందే చెప్పాలి, క్షయ రాకుండా వేసే బీసీజీలో బతికున్న క్రిములు ఉంటాయి కాబట్టి ఆ టీకాను సాధారణంగా ఆరు నెలల దాకా వాయిదా వేస్తారు. ఈ ముక్క ఆ సందేశంలో లేదు. ఉండాల్సింది ఇదే.

వద్దనేవీ ఉన్నాయి: మెథోట్రెక్సేట్, లెఫ్లునమైడ్, టోఫాసిటినిబ్. ఇవి వాడుతుంటే పాలిస్తారని డాక్టరుకు చెప్పి మార్పించుకోవాలి తప్ప, మందు లేకుండా ఉండిపోకూడదు.

“పిండి పారబోస్తే చాలు”

పాలు పిండితే ఒంట్లోంచి మందు పోదు. రక్తానికీ పాలకూ మధ్య అది అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది; రక్తంలో తగ్గితేనే పాలలో తగ్గుతుంది. ప్రెడ్నిసొలోన్‌కు గంటల లెక్క సరిపోతుంది. లెఫ్లునమైడ్ ఒంట్లో నెలల తరబడి ఉండిపోతుంది, ఎంత పారబోసినా లాభం లేదు.

“కాన్పయ్యాక సర్దుకుంటుంది”

తిరగేసి చెప్పారు. చాలామందికి నొప్పులు తగ్గేది గర్భంలో. కాన్పయ్యాక మొదటి కొన్ని నెలల్లోనే జబ్బు మళ్లీ తిరగబెడుతుంది. ఆ వాపును ఓర్చుకుంటూ పోతే ఎముక అంచులు కొరుక్కుపోతాయి, తర్వాత ఏ మందూ వాటిని తిరిగి పూడ్చలేదు.

పాలు మాన్పించి మెథోట్రెక్సేట్ మళ్లీ మొదలుపెట్టే తల్లులకు రెండు జాగ్రత్తలు. అది వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ మింగితే నోట్లో పుళ్లు పడి, ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం పోయే ప్రమాదం ఉంది. మాత్రల పెట్టె మీద మందు వేసుకునే రోజు పేరు పెద్దగా రాసిపెట్టుకోవాలి. రెండోది, గర్భం రాకుండా నమ్మకమైన పద్ధతి ఉండాలి, ఎందుకంటే ఈ మందు పిండానికి హాని చేస్తుంది.

“ఎత్తుకుంటే కీళ్లు వదులవుతాయి”

వాచిన మణికట్టు మీద బరువు పడితే నొప్పి పెరుగుతుంది. బిడ్డ చంకల్లో బొటనవేళ్లు పెట్టి లేపొద్దు. ఒక ముంజేయి బిడ్డ పిరుదుల కిందా, రెండోది మెడా వీపుల కిందా పోనిచ్చి, మణికట్టు వంగకుండా ఒంటికి ఆనించుకుని లేపాలి. బట్టలు మార్చే చోటు నడుం ఎత్తులో ఉంటే వంగే పని తగ్గుతుంది, ఒక చెయ్యి మాత్రం బిడ్డ మీద ఉంచాలి. టిచ్ బటన్ల కంటే జిప్పులు నయం. పొద్దున్నే కీళ్లు బిగుసుకుని ఉండే ఆ గంటా రెండు గంటల్లో బిడ్డ స్నానం పెట్టుకోకండి, తడిసిన బిడ్డ పట్టుజారుతుంది.