చూసిన చోటే అడగండి

ఒడిశాలోని మన పర్లాకిమిడి నుంచి ఆంధ్రలోని పాతపట్నం వెళ్లే రోడ్డు మీద లారీ బైకును గుద్దిందనుకుందాం. చూసినవాడు చెప్పేది ఎక్కడ? మర్నాడు స్టేషన్ బెంచీ మీద, మిగతా సాక్షులు వింటుండగా. సాక్ష్యం సగం చెడేది అక్కడేనని మా అభిప్రాయం.

1975లో గాడెన్, బాడెలీ అనే మనస్తత్వవేత్తలు స్కాట్లండ్‌లో డైవర్ల చేత 36 మాటలు బట్టీ పట్టించారు. ఒడ్డున నేర్చినవాటిలో ఒడ్డునే సగటున 13.5 గుర్తొచ్చాయి, నీళ్లలో 8.6 మాత్రమే. 2021లో ఇదే ప్రయోగాన్ని మళ్లీ చేస్తే ఆ తేడా కనబడలేదు. కాబట్టి చోటును మంత్రంలా నమ్మనక్కర్లేదు. ఖర్చులేని సాయం గనుక వదులుకోనూ అక్కర్లేదు.

సాక్షిని అదే వేళకు, అదే వెలుగులో అక్కడికే తీసుకెళ్లాలి. ఒక్కొక్కరినీ విడిగా. ఆ రోజు నిలబడ్డ చోటే నిలబెట్టి, అడ్డు తగలకుండా మొత్తం చెప్పనివ్వాలి. ఏం వినబడింది, చేతిలో ఏముంది అన్నవి ఆ తర్వాతే అడగాలి. ‘తెలీదు’ అంటే తప్పు కాదని ముందే చెప్పాలి. ఈలోగా అక్కడ కొత్త దీపస్తంభమో బారికేడో వచ్చిందా, తీసుకెళ్లొద్దు: కొత్త వెలుగు పాత రాత్రిలోకి చొరబడుతుంది. అలాంటప్పుడు గదిలోనే కళ్లు మూసుకోమని, ఆనాటి చోటు ఎలా ఉందో ముందు వర్ణించమనాలి. ఫిషర్, గైసెల్‌మన్ అనే మనస్తత్వవేత్తలు సాక్షుల కోసం రూపొందించిన విచారణ పద్ధతిలో ఒక మూలసూత్రం ఇదే.

‘ఎర్ర లారీయేనా?’ అని మాత్రం అడగకూడదు. 1974లో లాఫ్టస్, పామర్ అనే పరిశోధకులు ప్రమాదం ఫిల్మ్ చూపి, కార్లు ‘నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు’ వేగమెంతని కొందరిని, ‘తగిలినప్పుడు’ ఎంతని మరికొందరిని అడిగారు. వారం తర్వాత, అందులో లేని పగిలిన అద్దాన్ని చూశామన్నవాళ్లు మొదటి గుంపు 50 మందిలో 16, రెండో గుంపు 50 మందిలో 7.

మన దగ్గర ఇంకో చిక్కుంది. సాక్షి తెలుగులో చెబుతాడు, కాగితం మీదికి ఇక్కడ ఒడియాలో, మహారాష్ట్రలోని సిరొంచ వైపు మరాఠీలో ఎక్కుతుంది. రాసేవాడి మాటే సాక్షి మాటైపోతుంది. బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 180వ సెక్షన్ ఆడియో, వీడియో రికార్డింగుకు వీలిచ్చింది. ప్రతిసారీ వాడుకోవాలి.

ముఖాల సంగతి వేరు. గుర్తింపు పెరేడ్‌ను, అంటే అనుమానితుణ్ణి మరికొందరి మధ్య నిలబెట్టి సాక్షిని పోల్చమనడాన్ని, ఘటనాస్థలిలోనే పెట్టాలని మేం అనం. పైగా చిన్న ఊరు. సంతలో చూసిన ముఖం నేరస్థలానికి అతుక్కోవడం తేలిక. అనుమానితుణ్ణి ముందెక్కడైనా చూశావా అని పెరేడ్‌కు ముందే అడిగి రాసుకోవాలి. సెల్‌ఫోన్‌లో ఫోటో చూపాక పెరేడ్ పెడితే సాక్షి పోల్చేది ఆ ఫోటోనే.