గృహప్రవేశం డబ్బాలో జీడిపప్పా, చెనిగ్గింజలా: వదినా మరదళ్ళ వాదన

తిరుచానూరు రోడ్డులో కట్టుకున్న ఇంటికి కార్తీకంలో గృహప్రవేశం. వచ్చినోళ్ళకి రిటర్న్ గిఫ్టుగా స్టీలు గిన్నెలూ ప్లాస్టిక్ బుట్టలూ వద్దు, తీపీ కారం కలిపి వేయించిన గింజలు డబ్బాల్లో పోసి ఇద్దాం అన్నంతవరకు ఇంట్లో అందరిదీ ఒకటే మాట. ఏ గింజలు, జీడిపప్పా చెనిగ్గింజలా (వేరుశనగ గింజల్ని మా పక్క ఇట్లనే అంటారు), ఎందులో వేయించాలి, బెల్లమా చక్కెరా అన్న కాడ మొదలైంది. ఒకవైపు మా అమ్మ, పుట్టిల్లు పలమనేరు దగ్గర పల్లె. ఇంకోవైపు బెంగళూరులో ఉండే మా మేనత్త, అంటే అమ్మకి ఆడబిడ్డ. నేను మధ్యలో కూర్చుని విన్నా, గుర్తున్నంతవరకు వాళ్ళ మాటల్లోనే రాస్తా ఉండా.

మరదలు: వదినా, నేను ఫిక్స్ అయిపోయినా. జీడిపప్పు, బాదం సగం సగం, చక్కెర, కారంపొడి, ఉప్పు, కోడిగుడ్డు తెల్లసొన నురగ వచ్చేదాకా గిలక్కొట్టి దాంట్లో కలిపేసి ఓవెన్‌లో 150 డిగ్రీల్లో పెడితే పైన పెళుసుగా పొర కడుతుంది. మా ఆఫీసులో క్రిస్మస్‌కి ఒకామె చేసి తెచ్చింది, డబ్బా మూత తీసిందే లేటు, ఖాళీ.

వదిన: కోడిగుడ్డా! వ్రతం చేసుకుని, తాంబూలంతో పాటు గుడ్డు కలిసిన డబ్బా చేతిలో పెడతామా? మీ అన్న ఆఫీసోళ్ళలో గుడ్డు ముట్టనోళ్ళు ఎంతమంది ఉండారో నీకు తెలీదు, అందులో కార్తీకమాసం. తెలియక తిని తర్వాత తెలిస్తే వాళ్ళ మనసు ఎంత కష్టపడాల? దాని మీద ఇంక మాటే లేదు.

మరదలు: అది నిజమే, నాకు తట్టలా. గుడ్డు వద్దు, చక్కెర పాకంతోనే చేద్దాం. కానీ జీడిపప్పు, బాదం మాత్రం...

వదిన: జీడిపప్పు ఎందుకమ్మా, చెనిగ్గింజలు చేద్దాం.

మరదలు: నేను తక్కువ చేసి అనట్లేదు వదినా, నాకూ ఇష్టమే, కానీ ఇంత ఇల్లు కట్టి గుప్పెడు చెనిగ్గింజలు చేతిలో పెట్టి పంపించినారంటారు. స్వామి లడ్డులో కూడా జీడిపప్పే కదా వేస్తారు. ఒకరికి ఇచ్చేటప్పుడు మనం రోజూ తినేదానికంటే ఒక మెట్టు పైన ఇవ్వాలని నాకనిపిస్తుంది, అది గొప్ప కోసం కాదు, వాళ్ళ మీద గౌరవం.

వదిన: గౌరవమంటే నేనూ చెప్తా విను. మా నాయనది వానని నమ్ముకున్న చేను, బోరు లేదు. జూన్‌లోనో జులైలోనో పదును అయితే విత్తేది, పూత పూసినాక ఆ పూత కాడ నుంచి ఊడ కిందికి దిగి మట్టిలో గుచ్చుకుంటే గదా కాయ కాసేది, సరిగ్గా అప్పుడే వాన మొహం చాటేస్తే నేల గట్టిపడి ఊడ దిగదు, ఏడాది కష్టం ఆ పది పదిహేను దినాల్లో పోతుంది. దిగిన ఏడు నా చదువు జరిగింది, నా పెండ్లి జరిగింది. ఆ గింజ ఈ ఇంటి గడప దాటి పదిమంది ఇంటికి పోతే నాకంటే సంతోషపడేవాళ్ళు ఉండరు. అది చేతిలో పెట్టేదానికి నాకు నామోషీ లేదు.

(ఇక్కడ అత్త కొంచెం సేపు ఏం మాట్లాడలేదు.)

మరదలు: వదినా, ఆ మాట నాకు అర్థమైంది. కానీ మన ఊరి పంట అనే లెక్క తీసుకుంటే చెనక్కాయా జీడిమామిడీ రెండూ దక్షిణ అమెరికా నుంచి సముద్రం దాటి వచ్చినవే, నువ్వు వేసే మిరపకాయ కూడా అమెరికా ఖండాలదే. ఇంకా చెప్పాలంటే చెనక్కాయ నట్ కూడా కాదు, కందీ పెసరా ఉండే పప్పు జాతి.

వదిన: యాడ నుంచి వస్తే ఏమి, ఈడ నిలబడింది గదా. నారాయణి, ధరణి అని రకాలు ఈ తిరుపతి వ్యవసాయ పరిశోధనా స్థానంలోనే తయారు చేసినారు, మా పక్క రైతులు వేస్తారు. నీ బాదం సంగతి చూడు, షాపులో ప్యాకెట్ల మీద కాలిఫోర్నియా అనే రాసుంటుంది.

మరదలు: సరే, సగం చెనిగ్గింజలు, సగం జీడిపప్పు.

వదిన: కలిపితే ఒకే బాండ్లిలో వేయించేది ఎట్ల? జీడిపప్పు చూస్తా ఉండంగానే ఎర్రబడుతుంది, చెనిగ్గింజ లోపల దాకా వేగాలంటే సన్న మంట మీద టైం కావాల. ఒకటి మాడి ఒకటి పచ్చిగా ఉంటుంది.

మరదలు: విడివిడిగా వేయించి చివర్లో కలుపుదాం, అందుకే ఓవెన్ అంటున్నా, ఒక్కో ట్రే ఒక్కో టైం, మంట అన్నివైపులా సమానం.

వదిన: 120 డబ్బాలు, డబ్బాకి 100 గ్రాములంటే 12 కేజీలు. నీ ఓవెన్ ట్రేలో పరిస్తే అరకేజీ పడుతుందా? అట్లయితే 24 సార్లు పెట్టాల, సారికి అరగంట వేసుకున్నా 12 గంటలు దాని ముందే కూర్చోవాల. ఇనుప బాండ్లిలో రాళ్ళుప్పు బాగా కాగనిచ్చి కేజీ గింజలు పోసి తిప్పితే పావుగంట, ఇరవై నిమిషాలు. సాయంత్రం బండి మీద వేయించేవాళ్ళు ఇసుకతో చేసేదీ అదే, వేడి గింజ చుట్టూరా పట్టుకుంటుంది. తర్వాత జల్లెడ పడితే ఉప్పు కిందికి పోతుంది.

మరదలు: ఆ లెక్క నేను వేసుకోలేదు, ఒప్పుకుంటా. కానీ ఒకటి, రంగు వచ్చేదాకా పొయ్యి మీద ఉంచకూడదు, దించినాక కూడా లోపలి వేడికి వేగుతూనే ఉంటాయి, ఒక వన్నె తక్కువ ఉండంగానే వెడల్పు తట్టలో పోసెయ్యాలి.

వదిన: అది నాకు చెప్తావా! పాకం సంగతి మాట్లాడు. చిత్తూరు బెల్లం తెప్పిస్తా, ముదురు పాకం పట్టి గింజలు వేసి దించేస్తా.

మరదలు: ఇక్కడ మాత్రం నేను అస్సలు ఒప్పుకోను వదినా. కార్తీకంలో మన తిరుపతి వాన ఎట్లుంటుందో నీకు తెలుసు, 2021 నవంబరులో ఊరంతా నీళ్ళలో ఉండింది. ఆ గాలి తేమకి బెల్లం పట్టించిన గింజలు రెండో రోజుకే చేతికి అంటుకుంటాయి. బెల్లంలో చక్కెరతో పాటు గ్లూకోజు, ఫ్రక్టోజు కూడా ఉంటాయి, అవి గాలిలో తేమని లాగేస్తాయి.

వదిన: మరి చిక్కీ? అదీ బెల్లమే. పాకం చుక్క నీళ్ళలో వేసి తీస్తే టక్కుమని విరగాల, అంత ముదిరితే నెలైనా కరకరమంటుంది.

మరదలు: చిక్కీ అంటే ఒక దిమ్మ, గింజల మధ్యలో పాకం దాక్కునుంటుంది, గాలి తగిలేది పైనా కిందా మాత్రమే. మనం చేసేది విడివిడి గింజ, ప్రతి గింజకీ చుట్టూ గాలి తగులుతుంది. అందుకే చక్కెర అంటున్నా. అరకేజీ గింజలకి 150 గ్రాముల చక్కెర, పావు కప్పు నీళ్ళు, మూడొంతులు వేగిన గింజలు అందులో వేసి తిప్పుతా ఉంటే నీళ్ళు ఇంకిపోయి చక్కెర మళ్ళీ ఇసుక మాదిరి పొడిబారి గింజకి అంటుకుంటుంది, అప్పుడు చెడిపోయిందని భయపడి ఆపేస్తారు చాలామంది, అక్కడ ఆపకుండా సన్న మంట మీద ఇంకాసేపు తిప్పితే సగం కరిగి మెరుపు వస్తుంది.

వదిన: బెల్లం వాసన యాడ వస్తుంది చక్కెరకి? కారం పక్కన బెల్లం ఉంటేనే ఆ రుచి.

మరదలు: వాసన నీదే గెలుపు, నేను కాదనను. అందుకని ఆ రోజు భోజనాల ముందు ప్లేట్లలో పెట్టేదానికి నువ్వు బెల్లంతోనే చెయ్, గంటలో అయిపోతాయి. డబ్బాలో పోసి ఇంటికి పంపేవి మాత్రం చక్కెరవి.

వదిన: ...అట్లయితే సరే. కానీ కారంలో నిమ్మకాయ పిండాల.

మరదలు: పిండకూడదు వదినా, పులుపు పడితే చక్కెర కూడా బెల్లం మాదిరే తేమ లాగుతుంది. ఆమ్‌చూర్, అదే ఎండు మామిడికాయ పొడి, చివర్లో చల్లుదాం. కారం కూడా పొయ్యి దించినాకే, మరిగే పాకంలో వేస్తే మాడి చేదెక్కి ఇంట్లో అందరూ దగ్గేది.

వదిన: కరివేపాకు విడిగా కరకరలాడేటట్ల వేయించి నలిపి చల్లుతా, నువ్వులు కూడా. బ్యాడిగి కారం రంగుకి, గుంటూరు కారం ఘాటుకి. వెల్లుల్లి వద్దు. ఇంకొకటి, మూటలు విప్పంగానే నువ్వూ నేనూ కూర్చుని ముందు గింజలు ఏరాల. ముడుచుకున్నవి, రంగు మారినవి, బూజు పట్టినవి ఒక్కటి కూడా పోకూడదు, ఆ బూజులో విషం ఉంటుంది, వేయించినా పూర్తిగా పోదు.

మరదలు: అఫ్లాటాక్సిన్ అంటారు దాన్ని, అవును. పూర్తిగా చల్లారనిచ్చి మరీ డబ్బాలో పోయాలి, వేడి మీద మూత పెడితే లోపల ఆవిరి చేరి చేసిన పనంతా పోతుంది. అదే రోజు ప్యాక్ చేసేద్దాం, గింజల్లో సగం నూనే కదా, గాలికి వదిలేస్తే ముక్క వాసన వస్తుంది. లేబుల్ మీద స్పైసీ నట్స్ అని కొట్టిస్తా.

వదిన: చెనిగ్గింజలు అని రాయించు.

మరదలు: ఎట్లాగూ రాయించాలి వదినా, కొంతమందికి చెనక్కాయ పడదు, ఒక్క గింజ తిన్నా ఊపిరి ఆడదు, చూసుకుని తింటారు. చిన్నపిల్లలకి గొంతులో అడ్డం పడతాయి, అయిదేళ్ళ లోపు వాళ్ళకి ఇవ్వొద్దని కూడా రాద్దాం.

వదిన: అది కింద చిన్నగా కాదు, కనపడేటట్ల రాయించు. చెనిగ్గింజలు అనేది కూడా పైన, పెద్ద అక్షరాల్లో, తెలుగులో.

మరదలు: పైనే వేయిస్తా. జీడిపప్పు?

వదిన: డబ్బాకి పది పలుకులు వెయ్యి, అంతే. ఆ చేట ఇట్ల ఇయ్యి.